దుమ్ము సీలు

ఆ పొద్దున కూడా ఆదెమ్మ కోడలి వంట ముట్టలేదు.

పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని, పచ్చికట్టెలు ఊదుకుంటూ, తన రొట్టెలు తానే కాల్చుకుంది. ఒకటి తాను తిని, మిగిలినవి చిన్నకొడుకు మత్తయి మంచం దగ్గరికి పట్టుకుపోయింది. నుజ్జయిన కుడిపాదానికి కట్టుతో మత్తయి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు.

లూదియాకు అది అత్తిల్లు కాకముందు మేనత్త ఇల్లు. ఆళ్లగడ్డలో ఉండే ఆమె తండ్రి సంజీవయ్యకు ఆదెమ్మ సొంత చెల్లెలు. అన్న కూతుర్ని పెద్దకొడుకు యోహానుకు చేసుకుంటానని పట్టుబట్టింది ఆమే. పెళ్లయ్యాక నంద్యాలలో లూదియా, యంత్రాల్లోంచి నూనె కారకుండా పట్టే రబ్బరు సీళ్ల దుకాణం పెట్టుకుంటానంటే ఊళ్లో అందరూ నవ్వారు. ఆదెమ్మ నవ్వలేదు. మా అన్న చేతిపని నా కోడలికి వచ్చు, పెట్టుకోనీ అంది.

ఇప్పుడు ఆ చేతిపనే తన చిన్నకొడుకు కాలు నుజ్జు చేసిందని ఆమె నమ్ముతోంది.

"అత్తా, నిన్న పులుసు చేసినా. మత్తయికన్నా పెట్టు," అంది లూదియా వాకిట్లో నిలబడి.

"నీ పులుసు తింటే నా బిడ్డ కాలు తిరిగొస్తుందా?"

"రాదు. కానీ ఆకలి తీరుతుంది."

ఆదెమ్మ పొయ్యిలో కట్టెను ముందుకు తోసింది. తర్వాత మెల్లిగా, గోడకు చెప్తున్నట్టు అంది. "మా అన్న రబ్బరుముక్క నమ్మి నా కొడుకు ఫ్యాక్టరీలో ఆ మరచెయ్యి కింద నిలబడినాడు. అది తెగె. ఇంగేం మాట్లాడల్ల?"

లూదియాకు కోపం రాలేదు. తండ్రి అచ్చులో పోసిన సీలు అంత తొందరగా తెగదని ఆమెకు తెలుసు. తనకు తెలిసింది అత్తకు కూడా తెలియాలంటే మరచెయ్యిని విప్పి చూపించడం ఒక్కటే దారి.

"ఈ పొద్దు విప్పుతాండా అత్తా. సీలు తెగిందో, ఎవరన్నా తెంపినారో చూస్తా."

లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటున్న యోహాను చెయ్యి ఆగింది.

"విప్పేదేంటికి?" అన్నాడు బయటికొచ్చి. "సావుకారు బెంగుళూరు సీళ్లు తెప్పిస్తాండాడు. అవి వస్తే మార్చేస్తారు. అయిపోయిందాన్ని కెలికేదేంటికి లూదియా?"

"అయిపోయిందా బావా? మా నాయనను ఇంట్లో దోషిని చేసి పెట్టినారు. నాకు అయిపోలేదు."

యోహాను చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. అన్నం క్యారియరు గూట్లోనే ఉండిపోయింది.

* * *

సావుకారు ఉమామహేశ్వరరావు బండల పాలిషు ఫ్యాక్టరీ ఊరి బయట ఉంది. బేతంచెర్ల నుంచి లారీల్లో దిగే నాపబండలు అక్కడ నునుపుదేరి దేశమంతా పోతాయి. ఎనభై అయిదులో బెంగుళూరులో ఏదో కార్ఖానా మూతబడితే, వేలంలో ఆయన ఒక యంత్రాన్ని కొనుక్కొచ్చాడు. దీన్ని రోబోట్ అంటారని గర్వంగా చెప్పుకున్నాడు. ఒకచోట బండను పట్టుకుని, పైకెత్తి, తిరిగి, ఇంకోచోట దించుతుంది. ఒకసారి నేర్పితే చాలు, మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. పనివాళ్లకు ఆ పేరు నోరు తిరగలేదు. మరచెయ్యి అన్నారు. చివరికి సావుకారు కూడా మరచెయ్యి అనే అనసాగాడు. దాన్ని నడిపే పని యోహానుది.

ఆ చేతికి బలం నూనెలో ఉంది. భుజం దగ్గర ఒక లావుపాటి సిలిండరు. నూనె ఒత్తిడికి అందులోని ఉక్కుకడ్డీ లోపలికి పోతే చెయ్యి లేస్తుంది, బయటికొస్తే దిగుతుంది. కడ్డీ చుట్టూ బిగుతుగా పట్టుకుని నూనెను బయటికి పోనివ్వకుండా ఆపేది ఒక రబ్బరు సీలు. అదే బండ బరువంతా మోసేది. దానికి ముందు, సిలిండరు మూతి దగ్గర, ఇంకో సన్నటి సీలు ఉంటుంది. కడ్డీ లోపలికి పోయేటప్పుడు దానికంటుకున్న రాతిపొడిని గీకి బయటే వదిలేస్తుంది. లూదియా దాన్ని దుమ్ము సీలు అంటుంది. దుమ్ములేని కార్ఖానాలో అది లేకపోయినా కొన్నాళ్లు నడుస్తుందేమో గాని, బండల ఫ్యాక్టరీలో నడవదు.

విదేశీ సీళ్లు దొరక్కపోతే, ఆళ్లగడ్డలో సంజీవయ్య అచ్చులు చేసి రెండు సీళ్లూ పోశాడు. లూదియా వచ్చి తన చేత్తో బిగించింది. అదంతా మొన్న ఉగాదికి ముందు. పోయిన వారం చెయ్యి బండను ఎత్తి పట్టుకుని ఉండగానే భుజంలోంచి నూనె చిమ్మింది. చెయ్యి ఒక్కసారిగా వాలింది. కింద, బండలు దించే దారిలో, అక్కడే పనిచేసే మత్తయి ఉన్నాడు.

సావుకారు విప్పడానికి ఒప్పుకున్నాడు. ఆయనకూ పదిమందిలో తేలిపోవడం మంచిదే అనిపించింది. పనివాళ్లంతా దూరంగా గుంపు కట్టారు. ప్రమాదం జరిగిన నాటి నుంచీ వాళ్లెవరూ దాని నీడలోకి కూడా పోవడం లేదు.

ముందుగా లూదియా వాలిపోయి ఉన్న మరచేతిని నేలమీద దుంగల పైన కదలకుండా ఆనించింది. ఉన్న ఒత్తిడంతా వదిలేసింది. తర్వాత ప్రభుదాసును పిలిచింది. అతనిదీ ఆళ్లగడ్డే. రోజూ బస్సులో వచ్చిపోతాడు, ఫిట్టరు పని చేస్తాడు. ఇద్దరూ కలిసి బోల్టులు విప్పారు. సిలిండరు మూతి నిండా నూనె, రాతిబురద కలిసి సిమెంటులా గట్టిపడి ఉంది. లూదియా దాన్ని గీకి, కిరసనాయిలుతో కడిగింది.

కడిగాక మూతిలోని గాడిలో వేలు పెట్టి తడిమింది.

తర్వాత లోపలి సీలును బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలోకి పట్టింది. దాని అంచు తెగి ఉంది. కానీ ఊరికే తెగిన తెగుడు కాదు. కడ్డీ పొడుగునా గోళ్లతో రక్కినట్టు సన్నటి గీతలు, సీలు అంచుమీద వాటికి సరిగ్గా సరిపోయే కోతలు.

"సావుకారూ, ఈడికి రాండి," అంది. "దీన్ని వేలితో తడిమి చూడండి. రబ్బరు మెత్తగానే ఉండాది, పెళుసు బారలేదు. రాయి కోసింది దీన్ని. రాతిపొడి లోపలికి పోయింది."

"లోపలికి ఎట్లా పోయింది?"

"దుమ్ము సీలు లేదు గాబట్టి."

ఆమె సిలిండరు మూతిలోని గాడిని చూపించింది. ఖాళీగా ఉంది. అందరూ మెడలు సాచి చూశారు.

ఉమామహేశ్వరరావు కళ్లజోడు సవరించుకున్నాడు. "అయితే నువ్వు పెట్టడం మర్చిపోయినావన్నమాట."

"నేను పెట్టినా."

"పెట్టింటే యాడికి పోతుందమ్మా? దానికేమన్నా కాళ్లున్నాయా?"

"కాళ్లు లేవు. ఎవరో తీసినారు. బయటినుంచి స్క్రూడ్రైవరుతో లేపితే వచ్చేస్తుంది."

ఎవరు తీస్తారని ఆయన అడిగాడు. దాని జోలికి పోయేవాళ్లు ఇక్కడెవరున్నారని అడిగాడు. లూదియా తలెత్తి భర్తకేసి చూసింది. యోహాను నూనెగుడ్డను పిండుతున్నాడు. అందులో పిండడానికి ఏమీ మిగల్లేదు. అయినా పిండుతూనే ఉన్నాడు.

ఆమెకు తెలిసిపోయింది.

ఆ మాట తన నోటితో అనేయవచ్చు. అంటే ఆ క్షణమే తండ్రి పేరు నిలబడుతుంది. కానీ తాను అంటే అది నేరం మోపడం అవుతుంది, అతను అంటే అది మనిషితనం అవుతుంది. అతనికి కొంచెం సమయం ఇవ్వాలనుకుంది. యోహాను మాత్రం ఆ సమయాన్ని వాడుకోలేదు.

చివరికి సావుకారే తేల్చేశాడు. తప్పు లూదియాది కాకపోతే ఆళ్లగడ్డ నుంచి సరుకు పంపినవాళ్లది, ఇక ఈమె దుకాణం సీళ్లు తనకు వద్దు అన్నాడు. 

లూదియా పనిముట్లు సంచిలో వేసుకుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగింది.

"సీళ్లు యాడివన్నా వేసుకోండి సావుకారూ. ఒక్క మాట చెప్తా. సీలు ఎంత మంచిదైనా ఒకనాటికి అరిగేదే. ఎత్తిన చెయ్యి కింద మనిషి నడవగూడదు. బండలు తొందరగా దిగాలని ఆ దారిలో మనుషుల్ని నడిపించింది సీలు గాదు, మీరు."

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ గుంపులోంచి ఒక గొంతు అవునంది. ఇంకో గొంతు కూడా కలిసింది.

* * *

భార్యాభర్తలు ఇంటిదారి పట్టారు. యోహాను సైకిలు తోసుకుంటూ నడిచాడు. లూదియా రెండడుగులు ముందు నడిచింది.

పొద్దు ఇంకా గూకలేదు. మత్తయి మంచం వసారాలో ఉంది. ఆదెమ్మ అతని కాలికింద దిండు సర్దుతోంది. ఏం తేలిందని ఆమె అడగలేదు. అడగకపోయినా లూదియా చెప్పింది. సీలును రాయి కోసిందని, దుమ్ము సీలు లేకపోవడం వల్ల ఇదంతా అయిందని, సావుకారు తప్పంతా నాయన మీదికి తోశాడని.

"సావుకారు అన్నదాంట్లో తప్పేముంది?" అంది ఆదెమ్మ. "పెట్టల్సింది పెట్టలేదు."

"పెట్టింది అమ్మా," అన్నాడు మత్తయి.

ఆదెమ్మ అతని వంక తిరిగింది. మత్తయి మాత్రం అన్న ముఖమే చూస్తున్నాడు.

"అన్నా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

యోహాను సైకిలును గోడకు ఆనించాడు. అది జారి పడిపోయింది. దాన్ని లేపలేదు. గడప మీద కూర్చుని, నేలను చూస్తూ చెప్పాడు.

కొత్త సీళ్లు పడ్డాక చెయ్యి బిగుసుకుని అదిరేదట. ఆ అదురుకు బండల అంచులు చిట్లేవి. చిట్లిన ప్రతి బండకూ సావుకారు అందరి ముందూ అరిచేవాడు. ఒకనాడు దుమ్ము సీలు తీసి చూస్తే అదురు పోయింది. రెండు రోజుల తర్వాత మళ్లీ పెడదామనుకున్నాడు. చెయ్యి నునుపుగా నడుస్తుంటే, బండలు చిట్లడం ఆగిపోతే, సావుకారు మెచ్చుకుంటుంటే, పెట్టబుద్ధి కాలేదు.

"నేనే టార్చి పట్టినా వదినా," అన్నాడు మత్తయి. "అన్న తీస్తాంటే. ఏం గాదులే అనుకున్న్యాం ఇద్దరం."

 పెరట్లో ఆదెమ్మ పొయ్యిమీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఆమె లేవలేదు.

లూదియా గొంతు పెంచలేదు. "కొత్త సీలు నాలుగు దినాలు బిగుతుగానే ఉంటుంది బావా. నన్ను అడిగింటే కొంచెం గ్రీజు పెట్టి సరిచేసింటా. మన దుకాణం ఫ్యాక్టరీకి ఎంత దూరం?"

"అడిగితే నాకు పని రాదని అనుకుంటావని."

"నువ్వు పెద్ద పనివాడివని నేను ఊరంతా చెప్పుకుంటాండా. అది నీకు తెల్దా?"

యోహాను ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"నువ్వు దాన్ని తీసినందుకు గాదు నా కోపం," అంది లూదియా. "తప్పు ఎవరికైనా జరుగుతుంది. మా నాయనను ఇన్ని దినాలు ఈ ఇంట్లో దోషిగా నిలబెట్టినావే, దానికి. ఈ పొద్దు ఆ గుంపులో ఒక్క మాట అనింటే చాలు."

రేపు పొద్దున్నే సావుకారుకు చెప్తానన్నాడు యోహాను. పని పోయినా సరే చెప్తానన్నాడు. అతని మాటలో తడబాటు లేదు.  ఈ మాట నిలబెట్టుకుంటాడని లూదియాకు అనిపించింది. పెళ్లికి ముందు నుంచీ తెలిసిన మనిషి. భయపడతాడు గాని, భయం ఒకసారి దాటాడంటే మళ్లీ వెనక్కి పోడు.

ఆదెమ్మ ఆ రాత్రి పెరట్లో పొయ్యి వెలిగించలేదు. వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుంది. లూదియా కంచం పెట్టింది. ఆమె రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఆళ్లగడ్డకు పొద్దున బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగింది.

"ఏంటికి అత్తా?"

"మా అన్న కాడికి పోవల్ల. ఆయప్ప మత్తయిని చూసేదానికి ఆస్పత్రికొస్తే, నేను గుమ్మంలోనే నిలబెట్టి పంపించినా. నీళ్లు గూడ ఇయ్యలా." ఆమె కంచంలో చెయ్యి కడుక్కుంది. "నువ్వు నా ఎంబడి రా. ఒక్కదాన్ని పోలేను."

* * *

పొద్దున యోహాను ఫ్యాక్టరీ వైపు, వాళ్లిద్దరూ బస్టాండు వైపు బయలుదేరారు. యోహాను తల్లి కాళ్లు తాకి వెళ్లాడు. ఈసారి అన్నం క్యారియరు మరవలేదు.

బస్సులో ఆదెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. శిరివెళ్ల దాటిన తర్వాత చిన్నప్పటి సంగతులు చెప్పింది. అమ్మ పోయాక అన్నే తనకు జడ వేసి బడికి పంపేవాడని, జడ ఎప్పుడూ వంకరగానే వచ్చేదని, ఆ వంకర జడకు పిల్లలు నవ్వితే అన్న మర్నాడు ఇంకా శ్రద్ధగా, ఇంకా వంకరగా వేసేవాడని. లూదియా నవ్వింది. ఆదెమ్మ కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆళ్లగడ్డలో సంజీవయ్య దుకాణం బస్టాండుకు దగ్గరే. ట్రాక్టర్లు, ఆయిలింజన్లు రిపేరుకు అక్కడికే వస్తాయి. పొద్దున ఆ వేళకు తలుపులు బార్లా తీసి ఉండి, లోపల రబ్బరు కాగే వాసన వీధి దాకా రావాలి.

తలుపులకు తాళం ఉంది.

ఎదురుగా టీ అంగడి సుబ్బయ్య వాళ్లను చూసి గాజుగ్లాసు కింద పెట్టాడు. "మీరు ఈడికొచ్చినారేందమ్మా? సంజీవయ్యన్న నంద్యాలకే పాయె గదా, తొలి బస్సుకు."

"నంద్యాలకా? ఏంటికి?" అంది లూదియా.

సుబ్బయ్య ఇబ్బందిగా తువ్వాలు భుజం మార్చుకున్నాడు. నిన్న సాయంత్రం ప్రభుదాసు ఫ్యాక్టరీ నుంచి దిగి, నేరుగా ఈ దుకాణానికే వచ్చాడట. సావుకారు పదిమందిలో లూదియాను ఏమన్నాడో చెప్పాడట. సంజీవయ్య విని అప్పటికప్పుడే దుకాణం మూశాడట. పొద్దున చర్చికి కట్టుకునే తెల్లపంచె కట్టుకుని వచ్చి, ఇక్కడ టీ తాగి బస్సెక్కాడట.

"ఏమన్నాడు సుబ్బయ్యన్నా? పోతా ఏమన్నా అన్నాడా?"

"దుమ్ము సీలు పంపేది నేనే మర్చిపోయినా అని సావుకారుకు చెప్పొస్తా అన్న్యాడు. ఆ పాప దుకాణం నిలబడల్ల, నాదేముందిలే, ముసిలోణ్ణి అన్న్యాడు."

సావుకారు పొద్దెక్కాక గాని ఫ్యాక్టరీకి రాడు, అయినా లూదియా కళ్ల ముందు ఆయన గది అప్పుడే కనిపించింది. బల్ల వెనక ఉమామహేశ్వరరావు, ముందు ఇద్దరు మనుషులు. తాను తీశానని ఒకరు, తాను పంపలేదని ఒకరు. సావుకారు తెలివైనవాడు. తన మనిషే తీశాడని ఒప్పుకుంటే, ఎందుకు తీశాడో, ఎవరి అరుపులకు తీశాడో కూడా ఒప్పుకోవాలి. ముసలాయన మాట పట్టుకుంటే ఆ గొడవే ఉండదు. యోహానును మామ కోసం అబద్ధమాడుతున్నావని గదమాయించి పంపేస్తాడు. సత్యం చెప్పడానికి ధైర్యం చేసిన మనిషి దొంగ సాక్షిగా మిగులుతాడు.

"నాయన నా చేతికే ఇచ్చినాడు ఆ సీలు," అంది లూదియా మెల్లిగా. "కాగితంలో చుట్టి, జాగ్రత్త బిడ్డా అని."

ఆదెమ్మ అప్పటికే రోడ్డు మీదికి నడిచింది. అహోబిలం నుంచి భక్తులతో నంద్యాలకు తిరిగిపోయే జీపు ఒకటి వస్తోంది. ఎప్పుడూ గట్టిగా ఎవర్నీ పిలిచి ఎరగని ఆమె, చెయ్యెత్తి, జీపుకు అడ్డంగా నిలబడింది.

డ్రైవరు బ్రేకు తొక్కి, ఖాళీ లేదమ్మా అన్నాడు. ఆదెమ్మ ఆ మాట విననట్టే వెనక తలుపు తీసి, కోడలిని ముందు ఎక్కించి, తాను పక్కన ఇరుక్కుంది.

"నువ్వేం మాట్లాడొద్దు," అంది లూదియాతో. "బిడ్డ తండ్రి పక్కన, పెండ్లాం మొగుని పక్కన మాట్లాడుతుందంటారు. తప్పు చేసినోడు నా కొడుకు. కాలు పోగొట్టుకున్నోడు నా కొడుకు. నేను చెప్తే సావుకారు కాదనలేడు."

"అప్పటికే ఆయన ఎవరి మాటో ఒకటి తీసుకునింటే అత్తా?"

ఆదెమ్మ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

"బేగా పోనీ నాయనా. మా అన్న జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఈ పొద్దు ఆడబోతాండాడు."